బీఎమ్‌ఎక్స్ సైకిల్ హ్యాండిల్, ఫోర్క్, హెడ్‌సెట్: బిగించుకోవడం, బాగు చూసుకోవడం

బీఎమ్‌ఎక్స్ సైకిల్ ముందు భాగంలో రెండు వేర్వేరు బిగింపులు ఉంటాయి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ గొట్టం పైకీ కిందికీ ఊగకుండా బేరింగుల మధ్య (ఈ బేరింగుల అమరికనే హెడ్‌సెట్ అంటారు) నిలిచేలా చేసేది మొదటిది. హ్యాండిల్ ఎటు తిరిగితే చక్రమూ అటే తిరిగేలా, హ్యాండిల్‌ను పట్టుకునే స్టెమ్ అనే భాగాన్ని ఫోర్క్ గొట్టానికి పట్టి ఉంచేది రెండోది. మొదటిది తేలికగా ఉండాలి, రెండోది గట్టిగా ఉండాలి. పాడైపోయి నా దగ్గరకు వచ్చిన హెడ్‌సెట్లలో ఎక్కువ భాగం ఈ రెండింటినీ ఒకటిగా భావించి, హ్యాండిల్ వదులైందనిపించిన ప్రతిసారీ పైనున్న బోల్టునే తిప్పుతూ పోవడం వల్ల పాడైనవే. అందువల్ల పనిముట్లు పట్టుకునే ముందు ఈ తేడా మనసులో నిలుపుకోండి. కింద చెప్పే ప్రతి మెట్టూ దీనిమీదే ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ వివరిస్తున్నది 20 అంగుళాల చక్రాలున్న, విన్యాసాలకు వాడే ఫ్రీస్టైల్ బీఎమ్‌ఎక్స్ గురించి. ఇప్పుడు వస్తున్న ఇలాంటి సైకిళ్లలో దాదాపు అన్నింటికీ ఫోర్క్ గొట్టం బయటి వ్యాసం 28.6 మి.మీ., అంటే అంగుళం మీద ఎనిమిదో వంతు ఉంటుంది. ఆ గొట్టానికి బయట మరలు ఉండవు. బేరింగులు ఫ్రేమ్ ముందు గొట్టంలో చెక్కిన గూళ్లలోనే నేరుగా కూర్చుంటాయి. మన ఊళ్లలో పిల్లలకు బీఎమ్‌ఎక్స్ పేరుతో అమ్మే తక్కువ ధర సైకిళ్లలో మాత్రం చాలావాటికి పాతకాలపు మరల ఫోర్క్, విడి బాల్స్, కప్పులు ఉంటాయి. వాటి పద్ధతి వేరు కనుక చివర్లో విడిగా చెప్పాను. మీ సైకిల్ ఏ రకమో తెలుసుకోవడానికి స్టెమ్ వైపు చూడండి. స్టెమ్ ఫోర్క్ గొట్టాన్ని బయటినుంచి చుట్టి పట్టుకొని, వెనుకవైపు రెండు మూడు బోల్టులు కనిపిస్తే అది మొదటి రకం. స్టెమ్ సన్నని కడ్డీలా ఫోర్క్ గొట్టం లోపలికి దిగి, దాని కింద పెద్ద నట్టు కనిపిస్తే అది రెండో రకం.

సిద్ధం చేసుకోవలసినవి

5, 6 మి.మీ. అలెన్ కీలు, చిక్కని గ్రీజు, నూలు గుడ్డ, కొద్దిగా కిరోసిన్ చాలు. ఇవి ఏ హార్డ్‌వేర్ కొట్టులోనైనా దొరుకుతాయి. ఫోర్క్ గొట్టం పైన బిగించే పైబోల్టు తల కొన్ని ఫోర్క్‌లలో మరీ పెద్దగా ఉంటుంది కనుక దానికి సరిపోయే కీ ఉందో లేదో ముందే చూసుకోండి. టార్క్ రెంచ్ అందుబాటులో ఉంటే తప్పక వాడండి. స్టెమ్ మీద ఎన్ని న్యూటన్ మీటర్లకు బిగించాలో అచ్చు వేసి ఉంటే ఆ అంకెనే పాటించండి. బోల్టు మందం, స్టెమ్ లోహం మారితే ఆ అంకె కూడా మారుతుంది కాబట్టి ఒక సైకిల్ లెక్కను మరో సైకిల్‌కు వాడకూడదు.

బేరింగులు కొత్తవి కొంటున్నట్లయితే పాతదాన్ని చేతిలో పట్టుకొని వెళ్లండి. బీఎమ్‌ఎక్స్ ఫ్రేములలో వాడుకలో ఉన్న కొలత ప్రకారం బేరింగు బయటి వ్యాసం 41.8 మి.మీ.; లోపలి, బయటి అంచుల వాలు రెండూ 45 డిగ్రీలు. దాని మీద 45×45 అని చెక్కి ఉంటుంది. 36×45 అని రాసినవీ, 41 మి.మీ. వ్యాసం ఉన్నవీ మార్కెట్లో పక్కపక్కనే దొరుకుతాయి, చూపుకు ఒకేలా ఉంటాయి. వాటిలో ఏది పెట్టినా ముందు బాగానే కూర్చున్నట్లు అనిపిస్తుంది, కానీ వాలు కలవకపోవడం వల్ల బరువంతా సన్నని గీత మీద పడి, గూడు అరిగిపోతుంది. బేరింగు మార్చుకోవడం చవక. ఫ్రేమ్‌లో చెక్కిన గూడు అరిగితే మార్చవలసింది ఫ్రేమ్‌నే.

ఫోర్క్, బేరింగుల అమరిక

ఫ్రేమ్ ముందు గొట్టం పై గూటిని, కింది గూటిని కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. రంగు పొలుసులు, పాత గ్రీజు ముద్దలు ఉంటే గోటితోనో చెక్క పుల్లతోనో తీయండి కానీ ఆకురాయి పెట్టి రుద్దవద్దు. రెండు గూళ్లలోనూ పలుచగా గ్రీజు రాయండి. సీలు వేసిన బేరింగు తిరగడానికి ఈ గ్రీజు అవసరం లేదు. నీరు చొరకుండా, తుప్పు పట్టి బేరింగు గూటికి అతుక్కుపోకుండా ఉండటానికే ఇది.

కింది బేరింగును ముందుగా ఫోర్క్ గొట్టం అడుగున ఉన్న వాలు అంచు మీద కూర్చోబెట్టండి. చాలా బీఎమ్‌ఎక్స్ ఫోర్క్‌లలో ఈ అంచు ఫోర్క్‌తో కలిపే తయారై ఉంటుంది. లేని ఫోర్క్‌కు విడిగా రింగు ఎక్కించాలి. వాలున్న ముఖం వాలు వైపే ఉండాలి. బేరింగును తిరగేసి పెడితే అది గూటిలో పూర్తిగా దిగదు, ఫ్రేమ్‌కూ ఫోర్క్‌కూ మధ్య అసాధారణమైన సందు కనిపిస్తుంది. ఇప్పుడు ఫోర్క్‌ను కిందినుంచి ఫ్రేమ్‌లోకి ఎక్కించి, ఒక చేత్తో పట్టుకొని, పై బేరింగును పై గూటిలో పెట్టండి. దాని మీద ఒకచోట చీలిక ఉన్న సన్నని రింగు వస్తుంది. మొత్తం అమరికలో అతి చిన్న వస్తువు ఇదే, అతి ముఖ్యమైనదీ ఇదే. ఫోర్క్ గొట్టానికీ పై బేరింగుకూ మధ్య సందును ఆప్పులా పూరించి, గొట్టాన్ని నడిమధ్యన నిలిపేది ఈ రింగే. విప్పేటప్పుడు ఇది గ్రీజుకు అంటుకొని మూతతోపాటు వచ్చేసి, తుడిచే గుడ్డలో పోతుంది. ఆ తరువాత ఎంత బిగించినా ఊపు పోదు. రింగు మీద బేరింగును కప్పే దుమ్ము మూత, మూత మీద కావలసినన్ని స్పేసర్లు (గొట్టానికి తొడిగే ఎత్తు రింగులు), ఆపైన స్టెమ్ వేయండి.

ఫోర్క్ ఏ దిక్కుకు ఉందో ఈ దశలోనే మరోసారి చూడండి. ఇరుసు పట్టే చివరలు ముందుకు జరిగి ఉండాలి. మా మేనల్లుడికి పుట్టినరోజుకు కొన్న సైకిల్ దుకాణంలోనే ఫోర్క్ వెనక్కి తిరిగి బిగించి వచ్చింది. స్టెమ్ మాత్రం ముందుకే ఉండటంతో ఎవరికీ అనుమానం రాలేదు. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా వాడి కాలి బొటనవేలు టైరుకు తగిలేది. అట్టపెట్టెలో వచ్చే సైకిళ్లలో ఇది అరుదైన పొరపాటు కాదు.

ఇప్పుడు స్టెమ్ పై అంచు నుంచి లోపలికి చూడండి. ఫోర్క్ గొట్టం స్టెమ్ పై అంచుకంటే సుమారు 3 మి.మీ. కిందికి ఉండాలి. అంతకంటే బాగా కిందికి ఉంటే స్టెమ్‌కు పట్టుకోవడానికి తగినంత గొట్టం చాలదు కనుక ఒక స్పేసరు తీసివేయాలి. గొట్టం స్టెమ్‌తో సమంగానో పైకో ఉంటే పైబోల్టు నొక్కే పైమూత గొట్టాన్నే నొక్కుతుంది తప్ప స్టెమ్‌ను నొక్కదు. అప్పుడు స్టెమ్ కింద గానీ పైన గానీ ఒక స్పేసరు చేర్చండి. గొట్టాన్ని రంపంతో కోసి పొట్టి చేయాలనే ఆలోచన వస్తే ఆగండి. అనేక బీఎమ్‌ఎక్స్ ఫోర్క్‌లలో పైబోల్టు పట్టే మరలు గొట్టం లోపలి గోడలోనే పైభాగాన చెక్కి ఉంటాయి, కోస్తే అవీ పోతాయి. లోపల మరలు ఎంత లోతు వరకు ఉన్నాయో చూడకుండా కోత పెట్టవద్దు.

మొదటి బిగింపు: బేరింగులకు

స్టెమ్ వెనుక బోల్టులు పూర్తిగా వదులుగా ఉండాలి. స్టెమ్‌ను ఒక వేలితో తోస్తే గొట్టం మీద తిరగాలి. ఆ స్థితిలో పైబోల్టును చేతికి మెల్లగా ఆనేంతవరకు తిప్పి, అక్కడినుంచి పావు చుట్టు చొప్పున బిగిస్తూ, ప్రతి పావు చుట్టుకూ ఆగి పరీక్షించండి. ముందు బ్రేకు ఉన్న సైకిళ్లలో బ్రేకు పట్టి ముందుకూ వెనక్కూ ఊపి చూస్తారు. బీఎమ్‌ఎక్స్‌కు ముందు బ్రేకు సాధారణంగా ఉండదు కనుక చక్రాన్ని పూర్తిగా పక్కకు తిప్పి, నేలకు గట్టిగా ఆనించి, ఫ్రేమ్‌ను ముందుకూ వెనక్కూ నెట్టండి. రెండో చేతి వేళ్లను దుమ్ము మూతా ఫ్రేమూ కలిసే గీత మీద ఉంచండి. కంటికి కనిపించనంత చిన్న కదలిక కూడా వేలికొనకు ‘టక్’మని తెలుస్తుంది. అది ఆగిన చోటే మీరూ ఆగాలి. ఆ తరువాత ముందు చక్రాన్ని నేలనుంచి లేపి, సైకిల్‌ను కాస్త వంచితే, ఫోర్క్ తన బరువుకు తానే మెత్తగా ఒక పక్కకు వాలాలి. మధ్యలో ఆగుతూ, జంకుతూ తిరిగితే బిగింపు ఎక్కువైందని అర్థం. పావు చుట్టు వెనక్కి తిప్పండి.

ఎంత బిగించినా ఊపు పోనప్పుడు బలం పెంచవద్దు, కారణం వెతకండి. చీలిక రింగు పడిపోయి ఉండవచ్చు, గొట్టం పైమూతను తాకుతూ ఉండవచ్చు, బేరింగు కొలత తేడా కావచ్చు. ఇంకొక కారణం చాలామంది గమనించరు: దుమ్ము మూత అంచు ఫ్రేమ్‌ను తాకుతూ ఉంటే మీ బిగింపంతా ఫ్రేమ్ అంచు మీద పడుతుంది, బేరింగుకు చేరదు. మూతకూ ఫ్రేమ్‌కూ మధ్య వెంట్రుక మందమైనా సందు ఉండాలి. లేకపోతే మూత కింద, చీలిక రింగు పైన, 0.25 మి.మీ. పలుచని వాషరు ఒకటి వేయండి. ఊపు చక్రం ఇరుసు దగ్గర కూడా పుట్టవచ్చు. టైరును పట్టుకొని పక్కలకు ఊపితే ఫోర్క్ కదలకుండా చక్రం మాత్రమే కదిలితే, చూడవలసింది చక్రం నడిమి భాగమైన హబ్‌నే కానీ హెడ్‌సెట్‌ను కాదు.

రెండో బిగింపు: స్టెమ్‌కు

సైకిల్ మీద నిలబడినట్లు పైనుంచి చూస్తూ హ్యాండిల్ అడ్డకడ్డీ, ముందు ఇరుసు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా కనిపించే వరకు స్టెమ్‌ను సరిచేయండి. టైరు నడిమి గీతను స్టెమ్ మధ్యకు సరిచూడటం కంటే ఈ పద్ధతి నమ్మకమైనదని నా అనుభవం, ఎందుకంటే అడ్డకడ్డీ పొడవుగా ఉండటంవల్ల చిన్న వంకర కూడా స్పష్టంగా తెలుస్తుంది. తరువాత స్టెమ్ వెనుక బోల్టులను ఒకదాని తరువాత ఒకటిగా, కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి. ఒకదాన్ని పూర్తిగా బిగించాక రెండోదానికి వెళితే మొదటిది మళ్లీ వదులవుతుంది. ఈ బోల్టుల మరలకు గ్రీజు రాయాలి. గొట్టాన్ని స్టెమ్ పట్టుకునే చోట మాత్రం గ్రీజు చుక్క కూడా ఉండకూడదు.

ఈ బోల్టులు బిగిసిన క్షణం నుంచి ఫోర్క్‌ను బేరింగుల మీద నిలిపేది స్టెమ్ పట్టే, పైబోల్టు కాదు. కాబట్టి నెల తరువాత ఊపు కనిపించి మీరు పైబోల్టును మాత్రమే తిప్పితే ఏమీ జరగదు. ఏమీ జరగలేదని ఇంకా తిప్పితే మరలు పోతాయి. ముందు వెనుక బోల్టులు వదులు చేయాలి, ఆ తరువాతే పైబోల్టును ముట్టుకోవాలి, చివరకు వెనుక బోల్టులు తిరిగి బిగించాలి. కింద పడినప్పుడు హ్యాండిల్ పక్కకు తిరిగిపోతే కూడా ఇంతే. చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి, బిగింపు విప్పకుండానే హ్యాండిల్‌ను మెలితిప్పి సరిచేయడం మన పిల్లలందరికీ అలవాటు. అలా చేసిన ప్రతిసారీ స్టెమ్ పట్టే చోట గొట్టం గీసుకుపోయి, పట్టు తగ్గుతుంది.

హ్యాండిల్ బార్

బార్‌ను స్టెమ్ పట్టే చోట వ్యాసం సాధారణంగా 22.2 మి.మీ. ఉంటుంది, 25.4 మి.మీ. బార్‌లు కూడా ఇప్పుడు వస్తున్నాయి. రెంటికీ స్టెమ్‌లు వేరు. ఒకదానికి మరొకటి రేకు ముక్క చుట్టి సరిపెట్టడం ప్రాణాపాయం. బార్ నడుమ గరుకుగా చెక్కిన భాగాన్ని, స్టెమ్ లోపలి వంపును పొడిగుడ్డతో శుభ్రం చేసి, గరుకు భాగం స్టెమ్‌కు ఇరువైపులా సమానంగా కనిపించేలా బార్‌ను కూర్చోబెట్టండి. బార్ నిలువు కడ్డీలు పక్కనుంచి చూసినప్పుడు ఫోర్క్ వాలుతో ఒకే గీతలో ఉండేలా మొదలుపెట్టి, నాలుగైదు రోజులు తొక్కాక మీ మణికట్టుకు నప్పేట్టు కొంచెం ముందుకో వెనక్కో మార్చుకోండి.

బార్‌ను స్టెమ్‌కు పట్టి ఉంచే ముందు మూత నాలుగు బోల్టులను ఎదురెదురు మూలల వరుసలో, అర చుట్టు చొప్పున బిగించండి. మూతకూ స్టెమ్‌కూ మధ్య సందు పైనా కిందా, కుడినా ఎడమనా సమంగా ఉండాలి. ఒకవైపు సందు మూసుకుపోయి రెండోవైపు తెరుచుకుంటే, తెరుచుకున్న వైపు బోల్టులు వంగుతూ లాగబడుతూ ఒకరోజు దూకి దిగేటప్పుడు తెగుతాయి. కొన్ని స్టెమ్‌లను మాత్రం పైసందు పూర్తిగా మూసుకునేలానే తయారుచేస్తారు, వాటితో వచ్చిన కాగితంలో ఆ సంగతి ఉంటుంది. బిగింపు పూర్తయ్యాక సైకిల్ ముందు నిలబడి, రెండు పిడుల మీద మీ బరువంతా మోపి నొక్కండి. బార్ జారకూడదు.

పిడులు ఎక్కించడానికి నూనెగానీ గ్రీజుగానీ వాడవద్దు, అవి ఎన్నటికీ ఆరవు. దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా లోపల చిలకరించి వెంటనే తోస్తే సులభంగా జారి, కొద్దిసేపట్లో ఆరి పట్టేస్తాయి. పాతవి తీయడానికి సన్నని స్క్రూడ్రైవర్‌ను పిడి కిందికి దూర్చి, సబ్బునీరు పోసి మెలితిప్పండి. పిడి చివర బార్ కొనకు మూత తప్పక ఉండాలి. మూతలేని ఇనుప గొట్టం కొన పిల్లల పొట్టలో గుచ్చుకొని లోపలి అవయవాలకు తీవ్రగాయాలు చేసిన ఉదంతాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. పది రూపాయల ప్లాస్టిక్ మూత ఊడిపోయిందని తెలిశాక, కొత్తది వేసేవరకు పిల్లలకు ఆ సైకిల్ ఇవ్వకండి.

వెనుక బ్రేకు కేబుల్ చుట్టుకోకుండా హ్యాండిల్‌ను చుట్టూ తిప్పే విన్యాసాలకోసం అమెరికాకు చెందిన బ్రయాన్ స్క్యూరా 1980ల్లో రూపొందించిన గైరో అనే పరికరం మీ సైకిల్‌కు ఉంటే, దాని పైపలక స్టెమ్ కింద కూర్చుంటుంది. కాబట్టి హెడ్‌సెట్ బిగింపు పూర్తిగా ముగిసేదాకా గైరో కేబుళ్లను ముట్టుకోవద్దు. ఆ తరువాత రెండు పక్కల కేబుళ్లను సమానంగా లాగి, గైరో పలక వాలకుండా, హ్యాండిల్ తిప్పినప్పుడు బ్రేకు దానంతటదే పట్టకుండా ఉండేలా సర్దండి.

మరల ఫోర్క్ ఉన్న పాత రకం

ఇందులో స్టెమ్ మధ్య బోల్టును నాలుగైదు చుట్లు వదులు చేసి, తల మీద చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొడితే లోపలి ఆప్పు వదిలి స్టెమ్ పైకి వస్తుంది. స్టెమ్ కడ్డీ మీద కనీస లోతు గీత ఒకటి ఉంటుంది. హ్యాండిల్ ఎత్తు పెంచాలనుకున్నా ఆ గీత బయట కనిపించకూడదు. బాల్స్ ఉన్న కప్పును సర్దేటప్పుడు పైనట్టు బిగిస్తే అది కప్పును ఇంకొంచెం కిందికి నొక్కుతుంది కాబట్టి, కప్పును మీకు సరి అనిపించినదానికంటే వెంట్రుకవాసి వదులుగా ఉంచి, దాన్ని ఒక స్పానరుతో పట్టుకొని, రెండో స్పానరుతో నట్టును బిగించండి. ఇక్కడా పనులు రెండే: కప్పు సర్దుతుంది, నట్టు దాన్ని కదలకుండా తాళం వేస్తుంది. విప్పేటప్పుడు కింద గుడ్డ పరిచి బాల్స్ లెక్కపెట్టుకోండి. ఒక్కటి అరిగినా మొత్తం కొత్తవి వేయాలి. చట్రంలో గుచ్చిన బాల్స్ అయితే ఏ ముఖం పైకి ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తిరగబడితే చట్రం కప్పుకు రాసుకొని, ఫోర్క్ గరగరమంటుంది.

సంరక్షణ

కొత్తగా బిగించిన హెడ్‌సెట్‌లో భాగాలు తొలి రెండు మూడు స్వారీలలో తమ చోట్లలో సర్దుకుంటాయి కనుక ఆ వెంటనే ఒకసారి తిరిగి పరీక్షించడం తప్పనిసరి. ఆ తరువాత వారానికొకసారి చక్రం పక్కకు తిప్పి ఊపి చూడటానికి అర నిమిషం పట్టదు. ఊపు ఉన్న హెడ్‌సెట్‌తో తొక్కుతూ పోతే, దూకిన ప్రతిసారీ బేరింగు గుళ్లు తమ దారిలో ఒకేచోట సుత్తిలా కొట్టి గుంటలు చేస్తాయి. అప్పటినుంచి హ్యాండిల్ నేరుగా ఉన్న స్థానంలో ‘టక్’మని కూర్చుంటుంది, పక్కకు తిప్పితే లేచినట్లుంటుంది. ఆ బేరింగుకు గ్రీజు పెట్టినా ప్రయోజనం లేదు, మార్చాలి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర పట్టణాలలో ఉప్పుగాలికి స్టెమ్ బోల్టుల తలలు, బేరింగు బయటి రింగులు త్వరగా తుప్పు పడతాయి. అక్కడి వారు వానాకాలం ముందొకసారి, వెళ్లాక ఒకసారి ఫోర్క్ దించి తుడిచి గ్రీజు మార్చడం మంచిది. మిగతా చోట్ల ఏడాదికోసారి చాలు. బండ్లు కడిగే చోట వేగంగా చిమ్మే నీటిని హెడ్‌సెట్ మీదకు కొట్టించకండి; సీలు దాటి నీరు లోపలికి పోయి గ్రీజును బయటకు నెడుతుంది. దించినప్పుడు బేరింగును వేలిమీద పెట్టి తిప్పండి. ఇసుక నలిగినట్లు తగిలితే మార్చండి. ముందు చక్రం చిమ్మే బురద, దిగేటప్పటి దెబ్బ రెండూ కిందిదానికే ఎక్కువ కాబట్టి సాధారణంగా కింది బేరింగు ముందు పోతుంది.

గుడ్డతో తుడుస్తూనే పగుళ్లు వెతకండి. బార్ అడ్డకడ్డీ అతుకుల దగ్గర, స్టెమ్ అంచున బార్ బయటికొచ్చే చోట, ఫోర్క్ గొట్టం అడుగు అతుకు దగ్గర, ఫ్రేమ్ ముందు గొట్టం కింద రంగు వెంట్రుకలా చిట్లినా, ఒక గీత వెంట తుప్పు కారినా, రంగు కింద లోహం విరుగుతోందని అనుమానించాలి. మంచి బార్‌లు, ఫోర్క్‌లు క్రోమియం, మాలిబ్డినం కలిసిన 4130 ఉక్కుతో చేస్తారు. అది విరిగేముందు తరచు వంగి హెచ్చరిస్తుంది. వంగిన ఫోర్క్‌ను వెల్డింగ్ షాపులో సాగదీయించి తిరిగి వాడవద్దు. దాన్ని పారవేసే ముందు పైబోల్టు, దుమ్ము మూత, చీలిక రింగు తీసి ఒక డబ్బాలో దాచుకోండి. వాటిలో ముఖ్యంగా ఆ రింగు విడిగా కొనాలంటే చిన్న ఊళ్లలో దొరకదు.